ఏ నట్టు మనది?

మన దగ్గర నవలకి సమీక్ష ఉంది, కవిత్వానికి ఉంది, ఆత్మకథకి ఉంది. కారు బాగుచేసుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాన్ని మాత్రం ఎవరూ సాహిత్యంలో లెక్కెయ్యరు. అదీ వచనమే కదా! అదీ ఒక పాఠకుణ్ణి మనసులో పెట్టుకుని రాసిందే. పైగా మిగతా పుస్తకాలకి లేని పరీక్ష ఒకటి దానికుంది. నవల బాగోకపోతే పక్కన పడేస్తాం, అంతే. మాన్యువల్ బాగోకపోతే ఆ సంగతి మనకి రోడ్డు మీద తెలుస్తుంది.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఆల్టో ఉంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి నేను బానెట్ ఎత్తితే అడిగేవాళ్లు లేరు. ఏ పనులు నేనే చేసుకోవచ్చు, ఏవి మెకానిక్‌కి వదిలెయ్యాలి అన్న ప్రశ్నతో ఏడాదిగా కొన్ని పుస్తకాలు చదువుతున్నాను. కొన్ని మాన్యువళ్లు, కొన్ని మాన్యువల్ వేషంలో ఉన్న తత్వశాస్త్రాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎలా విప్పాలో తెలియడం కంటే ముందు ఏది విప్పకూడదో తెలియాలి. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే, ఒక్కో పుస్తకం గీత ఒక్కో చోట గీసిందని అర్థమైంది. ఆ గీత ఎక్కడ గీశారో చూస్తే, రాసినవాళ్లు పాఠకుణ్ణి ఏమనుకుంటున్నారో కూడా తెలిసిపోతుంది.

అందరి దగ్గరా ఉండి ఎవరూ చదవని పుస్తకంతో మొదలుపెడదాం. కారుతో పాటు గ్లవ్ బాక్సులో వచ్చే ఓనర్స్ మాన్యువల్. అందులో కర్త ఎవరో తెలీదు. ఎవరో ఇంజనీరు రాస్తే, పక్కన లాయరు కూర్చుని దిద్దినట్టుంటుంది. పేజీకో హెచ్చరిక, దాని చుట్టూ ఓ పెట్టె. కాస్త ఇంజిన్ లోపలికి వెళ్లే పనైతే చాలు, అధీకృత డీలరు దగ్గరికి వెళ్లమంటుంది. ఈ పుస్తకం దృష్టిలో పాఠకుడంటే రేపు కోర్టుకెక్కగలిగే మనిషి.

వెక్కిరించడం తేలిక గానీ, ఇందులో బంగారం లాంటి పేజీలున్నాయి. ఏ ఫ్యూజు దేనిదో చూపించే పట్టిక, టైరులో ఎంత గాలి ఉండాలి, జాకీ సరిగ్గా ఎక్కడ పెట్టాలి, ఏ గ్రేడు ఆయిల్ పొయ్యాలి, ఏది ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి. వీటికోసం యూట్యూబ్‌లో గంటలు గంటలు వెతికేవాళ్లని చూశాను. జవాబు వాళ్ల మోకాళ్ల ముందున్న డబ్బాలోనే ఉంటుంది. నా ఫిర్యాదు వేరే. ఈ పుస్తకం వద్దంటుంది గానీ ఎందుకు వద్దో చెప్పదు. ఏసీ గ్యాస్‌కీ, ఎయిర్‌బ్యాగ్‌కీ, ఓ మామూలు ఫిల్టరుకీ ఒకటే గొంతు. అన్నిటికీ ఒకేలా భయపెడితే, నిజంగా భయపడాల్సిన చోట కూడా పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ప్రతిదానికీ 'జాగ్రత్త' అనే పెద్దవాళ్ల మాట ఇంట్లో ఎవరూ వినరు చూడండి, అలాగన్నమాట.

దీనికి సరిగ్గా ఎదురుగా హేన్స్ మాన్యువళ్లు నిలబడతాయి. ఇంగ్లండులో జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్-హీలీ స్ప్రైట్ కారుకి మొదటిది వేశాడు. ఆ తర్వాత వందల మోడళ్లకి వచ్చాయి. వాళ్ల పద్ధతి సాదాసీదా. ఓ కారు తీసుకొచ్చి, మొత్తం విప్పి, మళ్లీ బిగిస్తారు. ఆ క్రమమంతా ఫొటోలతో, అంచెలంచెలుగా రాస్తారు. అంటే రాసే ప్రతి వాక్యం వెనకా ఓ నల్లబడ్డ చెయ్యి ఉంటుంది. మన విమర్శలో 'అనుభవంలోంచి వచ్చిన రచన' అని అలవాటుగా వాడేస్తుంటాం. ఆ మాటకి ఇంతకన్నా అక్షరార్థం దొరకదు.

హేన్స్ గీత గీసే పద్ధతి నాకు మొదట్లో చాలా నచ్చింది. ప్రతి పనికీ పానా బొమ్మలు వేస్తారు. ఒక పానా అంటే ఎవరైనా చెయ్యచ్చు. ఐదు పానాలంటే చెయ్యి తిరిగినవాళ్లకే. సినిమాకి నక్షత్రాలిచ్చినట్టు. కానీ కొన్నాళ్లకి ఇందులో లోపం కనపడింది. ఆ పానాలు పని ఎంత కష్టమో కొలుస్తాయి. తప్పు జరిగితే ఏమవుతుందో కొలవవు. ఈ రెండూ ఒకటి కావు. కొన్ని కార్లలో హెడ్‌లైట్ బల్బు మార్చాలంటే ప్రాణం విసిగిపోతుంది. చెయ్యి దూరదు, బ్యాటరీ తియ్యాలి, ఒక్కోదానికి బంపరే ఊడదియ్యాలి. అంత కష్టపడీ తప్పు చేస్తే పోయేది ఓ బల్బు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు చూడండి. చాలా చిన్న కార్లలో చక్రం తీసి, కాలిపర్ బోల్టులు వదులు చేస్తే ప్యాడ్లు చేతిలోకి వచ్చేస్తాయి. చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. అక్కడ తప్పు చేస్తే పోయేది బల్బు కాదు.

హేన్స్ పుస్తకాల మీద ఓ పాత హాస్యం ఉంది. విప్పడం పేజీల కొద్దీ చెప్పి, బిగించడం మాత్రం ఇదే వెనక నుంచి చెయ్యి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారని. బోల్టు విప్పినవాళ్లందరికీ తెలుసు, అది ఎంత అన్యాయమో. విప్పేటప్పుడు తుప్పు మన శత్రువు. బిగించేటప్పుడు మన బలమే మన శత్రువు.

ఇక నేను అసలు మాట్లాడదామనుకున్న పుస్తకం. జాన్ మ్యూర్ రాసిన 'హౌ టు కీప్ యువర్ ఫోక్స్‌వేగన్ అలైవ్'. 1969లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, శాంటా ఫే నుంచి వచ్చింది. మ్యూర్ ఒకప్పుడు ఇంజనీరు. ఆ జీవితం వదిలేసి హిప్పీల మధ్య బతికినవాడు. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పాత ఫోక్స్‌వేగన్ల కోసం, అంటే బీటిల్, వ్యాన్ లాంటివాటి కోసం రాశాడు. ఈ పుస్తకం తనది 'పూర్తి మూర్ఖుల' కోసం అని అట్ట మీదే చెప్పుకుంటుంది. తర్వాత్తర్వాత కంప్యూటర్ పుస్తకాలు ఇదే ధోరణిని అమ్ముకున్నాయి గానీ, మ్యూర్ గొంతులో ఎగతాళి లేదు. నీకేమీ తెలీదు, పర్లేదు, నాకూ ఒకప్పుడు తెలీదు అన్నట్టు పక్కన కూర్చుంటాడు.

ఈ పుస్తకం గొప్పతనం దాని విషయసూచికలో ఉంది. మామూలు మాన్యువల్ కారుని ముక్కలుగా కోస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, విద్యుత్తు, సస్పెన్షన్. రోగం ఎక్కడుందో ముందే తెలిసినవాళ్లకే ఆ వరస పనికొస్తుంది. మ్యూర్ అలా కాకుండా, రోడ్డు పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డ మనిషికి ఏం కనపడుతుందో, ఏం వినపడుతుందో దాన్నే అధ్యాయం చేశాడు. బండి స్టార్ట్ కాకపోతే ఒకటి, ఎర్ర లైటు వెలిగితే ఒకటి, బండి ఆగకపోతే ఒకటి, వణికితే ఒకటి, గుర్రుమంటే ఒకటి. ఆ వరస చూడగానే నాకు మన షెడ్డుల్లో మాటలు గుర్తొచ్చాయి. మిస్సింగ్ కొడుతోంది, పికప్ పడిపోయింది, సెల్ఫ్ తీసుకోవట్లేదు, స్టీరింగ్ ఎడం పక్కకి లాగుతోంది. ఇవన్నీ లక్షణాలే. పాఠకుడు ఉన్న చోటు నుంచి మొదలుపెట్టడం అంటే ఇదీ.

పీటర్ ఆష్‌వాండెన్ వేసిన బొమ్మలు పుస్తకంలో సగం ప్రాణం. భాగాలన్నీ గాల్లోకి విడిపోయి, ఏది దేని వెనకదో కనపడేలా ఉంటాయి. వాటిలో యంత్రం పట్ల భయం లేదు, సరదా ఉంది. మరో మంచి గుణం, ప్రతి పనికీ ముందు ఏయే పనిముట్లు కావాలో, ఏ సామాన్లు కొనుక్కోవాలో చెప్పేస్తాడు. బండి సగం విప్పాక చేతిలో 17 నంబరు పానా లేదని తెలుసుకోవడం కంటే ఒంటరితనం ఇంకోటి లేదు.

మరి మ్యూర్ గీత ఎక్కడ? దాదాపు లేదనే చెప్పాలి. వాల్వులు సర్దడం దగ్గర మొదలై, బ్రేకులు దాటి, ఇంజిన్ మొత్తం కిందికి దించి విప్పి కట్టడం దాకా అదే మూర్ఖుడి చేతిలో పెడతాడు. ఆ కారులో ఇది సాధ్యమే. ఇంజిన్‌ని పట్టుకుని ఉండేవి నాలుగు బోల్టులు. రేడియేటరు లేదు, కంప్యూటరు లేదు. మ్యూర్ ధైర్యంలో సగం ఆ కారు ఇచ్చిందే. అదే ధైర్యం ఇవాళ్టి కారు మీద చూపిస్తే ప్రమాదం. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది, హైబ్రిడ్ బళ్లలో చేత్తో ముట్టుకోకూడని నారింజ రంగు తీగలున్నాయి.

మ్యూర్ ఇచ్చే అర్హత ఒకటే, ప్రేమ. బండి చెప్పేది విను, దానితో స్నేహంగా ఉండు, మిగతాది వస్తుంది అంటాడు. చదువుతుంటే మనసు కరిగే మాటే. కానీ ప్రేమకి ఎక్కడ ఆగాలో తెలుస్తుందా? రిత్విక్ ఘటక్ 1958లో తీసిన 'అజాంత్రిక్' చూసినవాళ్లకి ఈ అనుమానం రావాలి. అందులో డ్రైవరు బిమల్ తన డొక్కు షెవ్రొలే కారుకి 'జగద్దల్' అని పేరు పెట్టుకుని, మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఊరంతా నవ్వుతుంది. ఉన్న డబ్బంతా పెట్టి రిపేరు చేస్తాడు. చివరికి అది పాత ఇనుపసామాన్ల వాడికి పోతుంది. బిమల్‌కి పని రాదని కాదు. ఆపాల్సిన రోజు ఏదో చెప్పేవాళ్లు లేరు. మ్యూర్ పుస్తకం బిమల్ చేతిలో ఉన్నా చెప్పి ఉండేది కాదేమో.

ఇక మనలో చాలామంది చదివింది, కనీసం షెల్ఫులో పెట్టుకున్నది, రాబర్ట్ పర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటర్‌సైకిల్ మెయింటెనెన్స్'. 1974 నాటిది. నాణ్యత గురించి అందులో జరిగే చర్చ మీద బోలెడు రాశారు. నేను ఇరుక్కుపోయిన స్క్రూ గురించి చెప్తాను. ఇంజిన్ పక్క మూత విప్పబోతే స్క్రూ తలలో గాడి చెరిగిపోతుంది. పైసల ఖరీదు చేసే ఆ స్క్రూ, ఆ క్షణంలో, మొత్తం బండంత ఖరీదైనది. ఎందుకంటే అది రాకపోతే బండి కదలదు. పని చేసే మనిషి మనసులో జరిగేదాన్ని ఇంత కచ్చితంగా రాసినవాళ్లు తక్కువ. కోపం, తొందర, నాకు తెలుసులే అన్న గర్వం, ఇవన్నీ చేతిలో పానాలాగే పని మీద ప్రభావం చూపిస్తాయని చెప్పడం నిజంగా గొప్ప సంగతి. ఆదివారం సాయంత్రం చీకటి పడేలోపు ముగించాలని మొదలుపెట్టిన ఏ రిపేరూ మంచిది కాదు. ఇది పర్సిగ్ దగ్గర నేను నేర్చుకున్నది.

కానీ అదే పుస్తకంలో ఓ షాపు సీను ఉంది. రేడియో మోగుతుంటుంది, కుర్ర మెకానిక్కులు పరధ్యానంగా పనిచేసి కథకుడి బండిని పాడుచేస్తారు. ఆ తర్వాత నుంచి తన పని తనే చేసుకుంటాడు. ఆ మెకానిక్కులకి పేర్లు లేవు, వాళ్ల జీతం ఎంతో, ఎన్ని గంటల నుంచి నిలబడి ఉన్నారో మనకి చెప్పడు. ఆలోచన చదువుకున్న కథకుడిది, నిర్లక్ష్యం కూలివాళ్లది. అలాగే ఆ ప్రయాణంలో ఉన్న ఒక్క ఆడమనిషి సిల్వియా బండి వెనక సీట్లో కూర్చుని ఉంటుంది. నేను ఇష్టపడే పుస్తకమే. కానీ ఈ రెండూ చూడకుండా ఇష్టపడటం కుదరదు. మన దగ్గరైతే అసలే కుదరదు. చేతికి గ్రీజు అంటకుండా బతకడమే పైకి రావడం అనుకునే ఇళ్లు మనవి. ఆ గ్రీజు ఎవరి చేతులకి అంటాలో పుట్టుకతోనే తేల్చేసిన సమాజం మనది. సెలవురోజు సరదాకి పానా పట్టుకున్న నాకు, పదేళ్లకే షెడ్డులో టైర్లు దొర్లించిన మనిషికి మధ్య ఉన్న దూరం 'నా పని నేనే చేసుకుంటాను' అన్న మాటతో పోదు.

అందుకే నాకు గీత గీయడం నేర్పింది ఈ పుస్తకాలు కాదు. మా వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్. అంతకుముందు ఓ సర్వీస్ సెంటర్లో ఎయిర్ ఫిల్టర్ మార్చామని బిల్లు వేశారు. ఇంటికొచ్చి, నాలుగు క్లిప్పులు తీసి చూస్తే లోపల మట్టికొట్టుకున్న పాతదే ఉంది. ఆ కోపంలో అన్నీ నేనే చేసుకుంటానని ఆయన దగ్గర గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు, వద్దనలేదు. "ప్లగ్గులు మీరే మార్చుకోండి మేడం, ఏం గాదు. బ్రేక్ జోలికి మాత్రం పోకండి. ప్లగ్గు తప్పు వెడితే బండి స్టార్ట్ గాదు. బ్రేక్ తప్పు వెడితే బండి ఆగదు. రెండు ఒకటేనా?" అన్నాడు.

హేన్స్ ఐదు పానాల్లో పట్టనిది ఈ రెండు వాక్యాల్లో ఉంది. అడగాల్సింది పని ఎంత కష్టమని కాదు. తప్పు చేస్తే అది ఎప్పుడు బయటపడుతుంది, ఎవరికి తగులుతుంది అని.

ఇలా అడిగితే పనులన్నీ వాటంతటవే మూడు కుప్పలవుతాయి. ఎయిర్ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు, ఫ్యూజు, బల్బు మొదటి కుప్ప. తప్పు చేస్తే పార్కింగులోనే తెలుస్తుంది, నష్టం కొన్ని వందల రూపాయలు. బ్యాటరీ కూడా ఇందులోదే, ఒక్క నియమం పాటిస్తే. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. లేకపోతే పాజిటివ్ మీద ఉన్న పానా పొరపాటున బండి బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఇలా కారణం చెప్తే గుర్తుంటుంది. పెట్టె కట్టి 'హెచ్చరిక' అంటే గుర్తుండదు.

రెండో కుప్పలో తప్పుకి మూల్యం డబ్బు. స్పార్క్ ప్లగ్గులు అలాంటివి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. మొదట్లోనే పానా వేస్తే ప్లగ్గు వంకరగా దిగి, అల్యూమినియం హెడ్డులో మరలు పోతాయి. అప్పుడు ప్లగ్గు ఖరీదు కాదు, హెడ్డు ఖరీదు లెక్కెయ్యాలి. ఆయిల్ మార్చడమూ అంతే. కింద చాంబర్‌కి ఉన్న డ్రెయిన్ బోల్టుని బలం కొద్దీ బిగిస్తే మరలు పోతాయి. కానీ ఇక్కడ ఇంకో సంగతుంది. పని తేలికే, పని చేసే చోటే ప్రమాదం. జాకీ ఉన్నది చక్రం మార్చుకోవడానికి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకూడదు. గట్టి నేల, స్టాండ్లు, చక్రాలకి అడ్డు లేకపోతే ఆ పని రెండో కుప్పలోంచి మూడోదాంట్లోకి పోతుంది.

మూడో కుప్ప బ్రేకులు, స్టీరింగ్, నొక్కిపెట్టి ఉండే సస్పెన్షన్ స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగులు, పెట్రోలు పైపులు. వీటిలో తప్పు పార్కింగులో మౌనంగా ఉంటుంది. వేగంలో మాట్లాడుతుంది. అది కూడా ఎదురుగా స్కూటీ మీద వస్తున్న ఎవరో మనిషితో. నా డబ్బు, నా చెయ్యి నేను పణంగా పెట్టుకోవచ్చు. ఆ మనిషిని పెట్టే హక్కు నాకు లేదు. ఇవి ఎప్పటికీ నేర్చుకోకూడదని కాదు. తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి, పుస్తకం పక్కన కాదు.

ఇలా వదిలెయ్యడం ఓటమి అనిపించొచ్చు. మాథ్యూ క్రాఫర్డ్ 2009లో రాసిన 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' చదివితే ఆ భావన ఇంకా గట్టిపడుతుంది. తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి మోటర్‌సైకిల్ షాపు పెట్టుకున్న మనిషి ఆయన. కొన్ని మెర్సిడెస్ కార్లలో ఆయిల్ చూసుకునే డిప్‌స్టిక్ కూడా తీసేశారని, యంత్రాన్ని మన కళ్ల నుంచే దాచేస్తున్నారని బాధపడతాడు. ఆ బాధ నాదీ. కానీ చూడటం వేరు, చెయ్యడం వేరు. బ్రేకులు నేను చెయ్యకపోయినా ప్యాడు ఎంత మందం మిగిలిందో చూడగలను, ఆయిల్ లెవెల్ చూడగలను. ఇప్పుడు ఏ షెడ్డుకి వెళ్లినా "ప్యాడ్లు మార్చాలి" అంటే "తీసి చూపించండి" అంటాను. అంతకుముందు ఆ మాటకి "సార్‌ని పంపండి మేడం" అని జవాబొచ్చేది. ఇప్పుడు ప్యాడు తెచ్చి చేతిలో పెడుతున్నారు. మొదటి కుప్ప పనులు నాకు మిగిల్చిన డబ్బు పెద్దగా ఏం లేదు. ఈ ఒక్క వాక్యం అనగలిగే అధికారం మాత్రం అవే ఇచ్చాయి.

అన్నీ చదివాక ఎవరికైనా ఒక పుస్తకం చెప్పమంటే, ఫోక్స్‌వేగన్ లేకపోయినా, ఇప్పటికీ మ్యూర్‌నే చెప్తాను. ఎక్కడ ఆగాలో అందులో దొరకదు. భయం లేకుండా ఎలా మొదలుపెట్టాలో, లక్షణం నుంచి కారణం దాకా ఎలా నడవాలో దొరుకుతుంది. ఆగాల్సిన చోటు కోసం విజయవాడ ఆటోనగర్‌లోనో, మన వీధి చివరో, ఉస్తాద్ పక్కన నిలబడ్డవాళ్లని అడగాలి. మిస్సింగ్, పికప్, మరలు పోవడం, ప్లేట్లు అరగడం, ఈ మాటలన్నీ వాళ్లు కట్టుకున్న తెలుగే. మ్యూర్ అంత స్నేహంగా, ఆ తెలుగులో, ఆ చేతుల్లోంచి వచ్చిన పుస్తకం ఒకటి నాకు చదవాలనుంది. అందులో మొదటి అధ్యాయం ఎలా విప్పాలో కాకుండా, ఏ నట్టు మనదో ఏది కాదో చెప్పాలి. అట్ట మీద పేరు మాత్రం ఆ మెకానిక్‌దే ఉండాలి.